అర మార్కు చరిత్ర

పోయిన సంక్రాంతికి మన బడి ఆవరణలో పాతవాళ్ళమంతా కలిసినప్పుడు, భోజనాల దగ్గర నా పక్క విస్తరి ముందు కూర్చున్న మిత్రుడు గారె తుంచుకుంటూ ఉన్నట్టుండి అడిగాడు.

"ఒరేయ్, నువ్వు బతుకంతా ఇంగ్లీషు చెప్పినవాడివి. ఒక్కటి చెప్పు. 'యాంగ్రీ ఆన్ మీ' అంటే తప్పెందుకురా? నా మీద కోపమేగా? మీద అంటే ఆన్ కాదూ?"

వాడెందుకు అడిగాడో మా బ్యాచ్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. తొమ్మిదో తరగతి క్వార్టర్లీ పరీక్షలో ఖాళీలు పూరించే ప్రశ్న. ఒక్కొక్క ఖాళీకి అర మార్కు. మాస్టారు పేపర్లు దిద్ది తెచ్చి, వాడి జవాబులు పైకి చదివారు. 'యాంగ్రీ ఆన్', 'ఫుల్ విత్ వాటర్', 'మేరీడ్ విత్', 'సుపీరియర్ దాన్'. క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. నేను రాసినవి ఒప్పు కాబట్టి కాదు, నా పేపరు ఇంకా చదవలేదు కాబట్టి. లెక్కల్లో మా అందరికంటే చురుకైనవాడు ఆ తర్వాత ఇంగ్లీషులో నోరు తెరవడం నేను చూడలేదు. ఒక బ్యాంకు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి, ఇంటర్వ్యూకి వెళ్ళకుండా ఊళ్ళోనే ఉండిపోయాడు. ఎందుకు వెళ్ళలేదో అప్పుడెవరూ అడగలేదు.

మాస్టారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన దగ్గర ఒక పట్టీ ఉండేది. 'అఫ్రెయిడ్ ఆఫ్, ఫాండ్ ఆఫ్, ప్రౌడ్ ఆఫ్. గుడ్ ఎట్, క్లెవర్ ఎట్. సుపీరియర్ టు, ఇన్ఫీరియర్ టు' అని ఎక్కాల్లా అప్పజెప్పించేవారు. ఎందుకండీ అని అడిగితే "అది వాళ్ళ నుడికారం, అంతే" అనేవారు. ఆ జవాబు తప్పు కాదు. దాని వెనక వెయ్యేళ్ళ కథ ఉందని మాత్రం ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు. నాకు తెలిసేసరికి నలభై దాటాయి. విస్తరి ముందు చెప్పలేకపోయిన ఆ కథ ఇక్కడ రాస్తున్నాను.

మొదలు మన ఇంట్లోనే ఉంది. విశేషణం పక్కన ఏ చిన్నమాట రావాలన్న తగువు ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టింది కాదు. సుమారు రెండువేల నాలుగువందల ఏళ్ళ కిందటే పాణిని దీని మీద సూత్రాలు చేశాడు. భయం అనే అర్థమున్న క్రియల దగ్గర భయానికి కారణమైనదానికి పంచమి రావాలన్నాడు. కోపం, ద్రోహం, ఈర్ష్య, అసూయ అనే అర్థాల దగ్గర, ఎవరి మీద కోపమో వారికి చతుర్థి రావాలన్నాడు. అంటే సంస్కృతం చదువుకున్నవాడు 'దేవదత్తుడి మీద కోపం' అనడు. మన విభక్తుల పట్టీ ప్రకారం మాటకు మాట పెడితే 'దేవదత్తుడి కొరకు కోపం' అవుతుంది. వాడు మా క్వార్టర్లీ రాస్తే 'యాంగ్రీ ఫర్' అని పెట్టి అర మార్కు పోగొట్టుకునేవాడు.

తెలుగుకొచ్చేసరికి చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో భయానికి 'వలన' అన్నాడు. పుస్తకంలో అది ఒప్పే. కానీ మన ఊళ్ళో 'పాము వలన భయపడ్డాను' అని ఎవరంటారు? 'పాముకి భయపడ్డాను' అంటాం, 'పామంటే భయం' అంటాం. ఒకే భయానికి మన భాషలోనే మూడు దారులు. అందులో ఒకటి పుస్తకానిది, రెండు నోటివి. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే జరిగింది.

మా మిత్రుడి తప్పుల్ని ఈ కళ్ళతో మళ్ళీ చూడండి. 'నా మీద కోపం' కనుక 'ఆన్'. 'నీళ్ళతో నిండింది' కనుక 'విత్'. 'ఆమెతో పెళ్ళి' కనుక మళ్ళీ 'విత్'. 'దానికంటే గొప్ప' కనుక 'దాన్'. మా క్లాసులో సగంమంది రాసిన 'గుడ్ ఇన్ మ్యాథ్స్' కూడా అంతే. 'లెక్కల్లో గట్టివాడు' అంటాం కదా, ఆ 'లో' అది. వీటిలో ఒక్కటి కూడా గుడ్డిగా వేసిన రాయి కాదు. చిన్నయసూరి విభక్తుల్ని వరసగా ఇంగ్లీషులోకి దించాడు వాడు. తృతీయ ఉన్నచోట విత్, పంచమిలోని కంటె ఉన్నచోట దాన్. వ్యాకరణం తెలియనివాడు చేసే తప్పు కాదది. ఒక వ్యాకరణం నరనరాన ఉన్నవాడు చేసే తప్పు.

ఇంకో చిక్కు ఉంది. ఈ దించడం కొన్నిచోట్ల చక్కగా కుదురుతుంది. 'మాస్టారు నా మీద కఠినంగా ఉన్నారు' అంటే 'హార్డ్ ఆన్ మీ' సరిగ్గా సరిపోతుంది. అక్కడ మీదకి ఆన్ చెల్లింది, కోపం దగ్గర చెల్లలేదు. చెల్లని కాసులన్నీ ఒకే రంగులో ఉంటే పిల్లలు పట్టేసేవాళ్ళు.

ఇంతకీ ఇంగ్లీషులో ఆ చిన్నమాటలు ఎవరు నిర్ణయించారు?

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు ఇప్పటిలా ఉండేది కాదు. దానికీ మనలాగే విభక్తులుండేవి, మాట చివర ప్రత్యయాలుండేవి. 'ఫుల్' అనే విశేషణం పక్కన షష్ఠిలో ఉన్న మాట వచ్చేది. 'నీళ్ళ నిండు' అన్నట్టన్నమాట. 'లైక్'కి పూర్వరూపమైన మాట పక్కన చతుర్థి వచ్చేది. మధ్యలో ప్రిపోజిషన్ అవసరం లేదు, ప్రత్యయమే పని చేసేది. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ వైకింగులతో కలిసి బతకడంలో ఆ ప్రత్యయాలు అరగడం మొదలైంది. 1066లో నార్మన్లు గెలిచి రాజ్యం ఫ్రెంచి మాట్లాడేవాళ్ళ చేతికి పోయాక, రాతలో ఇంగ్లీషుని కాపాడే పండితులు తగ్గి అరుగుదల ఇంకా పైకి తేలింది. ప్రత్యయాలు పోయిన ఖాళీల్లోకి ప్రిపోజిషన్లు వచ్చి కూర్చున్నాయి. 'ఫుల్' పక్కనున్న షష్ఠి ఖాళీలో 'ఆఫ్' చేరింది. అందుకే 'ఫుల్ ఆఫ్ వాటర్'. అది 'నీళ్ళ యొక్క నిండు' అనే పాత పద్ధతికి మిగిలిన జాడ. 'తో' అక్కడ మొదటినుంచీ లేదు.

మూడు విశేషణాల పక్కన ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. 'లైక్ మీ', 'నియర్ మీ', 'వర్త్ టెన్ రుపీస్'. వీటి పక్కన ప్రిపోజిషన్ ఎందుకు రాదో మా మాస్టారి పట్టీలో లేదు. అవి పాత విభక్తుల కాలం నుంచి అలాగే నిలబడి ఉన్నాయి, ప్రత్యయం రాలిపోయినా చోటు మారకుండా. ఊరంతా డాబాలు లేచాక మధ్యలో మిగిలిన పెంకుటిళ్ళలాగా.

ఇక ఖాళీల్లో ఎవరు కూర్చోవాలన్నది ఒక్కరోజులో తేలలేదు. వందల ఏళ్ళు ఒకే కుర్చీ కోసం ఇద్దరు ముగ్గురు పోటీ పడ్డారు. ఇప్పుడు 'ఫాండ్ ఆన్' అని రాస్తే కోత. షేక్‌స్పియర్ 1590ల్లో రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో 'ఫాండ్ ఆన్' అనే రాశాడు. 'మచ్ అడో అబౌట్ నథింగ్'లో 'ఎనామర్డ్ ఆన్' అన్నాడు, ఇవాళైతే అక్కడ 'ఆఫ్' పెట్టాలి. ఆయన కాలానికి ఆ కుర్చీ తగువు తేలలేదు. 'ఫాండ్' అనే మాటకే మొదట అర్థం 'తెలివితక్కువ' అని. పిచ్చి కాస్తా ప్రేమగా మారేలోపు దాని పక్కన ఆన్ వెళ్ళి ఆఫ్ స్థిరపడింది.

కోపం సంగతీ అంతే. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లో 'యాంగ్రీ విత్' కనబడుతుంది. యోనా కథలో ఎండిపోయిన సొరచెట్టు గురించి కోపగించుకున్నచోట మాత్రం 'యాంగ్రీ ఫర్' ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఎవరూ ఎర్రసిరాతో దిద్దలేదు.

మా మిత్రుడి అసలు ప్రశ్న ఇక్కడే ఉంది కనుక కాస్త ఆగుతాను. మనిషి మీద కోపానికి 'విత్' ఎందుకు? మనకి విత్ అంటే 'తో', చెలిమిని సూచించే మాట. కోపానికీ చెలిమికీ పొత్తేమిటి అనిపిస్తుంది. నిజానికి పాత ఇంగ్లీషులో 'తో' అనడానికి 'మిడ్' అనే వేరే మాట ఉండేది. 'విత్' అంటే అప్పట్లో 'ఎదురుగా, వ్యతిరేకంగా' అని. 'ఎదిరించి నిలబడు' అనే 'విత్‌స్టాండ్'లో ఆ అర్థం ఇప్పటికీ ఉంది. 'ఫైట్ విత్' అంటే ఫలానావాడితో కొట్లాడటం, వాడి పక్షాన కాదు. 'యాంగ్రీ విత్'లోని విత్ కూడా ఆ పాత తగువులమారి విత్ తోబుట్టువేనని నా నమ్మకం. మనమూ 'వాడితో గొడవ' అంటాం కదా. మీద అనకుండా తో అనేచోటు మనకీ ఉంది, కాకపోతే అది కోపం దగ్గర కాదు, గొడవ దగ్గర.

ఇంతవరకూ ఇది జనం నోళ్ళలో జరిగిన కథ. 17వ శతాబ్దం నుంచి పండితులు దిగారు. వాళ్ళ చేతిలో కొలబద్ద లాటిన్. వాక్యం చివర ప్రిపోజిషన్ పెట్టాడని 1672లో డ్రైడెన్ తనకంటే ముందువాడైన బెన్ జాన్సన్‌ని తప్పుపట్టాడు. తర్వాత తన పాత వ్యాసం మళ్ళీ అచ్చువేసేటప్పుడు తన వాక్యాలూ దిద్దుకున్నాడు. అప్పటివరకూ ఆ భాష మాట్లాడేవాళ్ళకి అదొక తప్పని తెలియదు.

విశేషణాల దగ్గర ఈ లాటిన్ పిచ్చి బాగా కనబడేది 'ఎవర్స్' అనే మాటలో. ఇష్టంలేని, విముఖమైన అని అర్థం. లాటిన్లో దాని ధాతువుకి 'మొహం తిప్పుకోవడం' అని అర్థం కనుక, దేనినుంచి తిప్పుకున్నాడో దానికి 'ఫ్రమ్' పెట్టాలని శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో తీర్పు చెప్పాడు. జనం చాలా తరచుగా 'టు' అంటున్నారనీ ఆయనే ఒప్పుకున్నాడు, అయినా అది సరికాదన్నాడు. జనం వినలేదు. ఇవాళ ఏ పరీక్షలోనైనా 'ఎవర్స్' పక్కన 'టు' పెడితేనే మార్కు. జాన్సన్ గారు చెప్పినట్టు రాస్తే పోతుంది.

1762లో రాబర్ట్ లౌత్ ఒక చిన్న వ్యాకరణం రాశాడు. ఆయన తర్వాత లండన్ బిషప్ అయ్యాడు. ఆ పుస్తకంలో అడుగు పేజీల్లో షేక్‌స్పియర్, మిల్టన్, స్విఫ్ట్, పోప్ లాంటివాళ్ళ వాక్యాలు తెచ్చి ఇవన్నీ తప్పులని చూపించాడు. చదువుకుంటున్న పిల్లల ముందు మహామహుల పేపర్లు పైకి చదివి వినిపించడం అన్నమాట. 1795లో లిండ్లీ మరే అనే అమెరికన్ న్యాయవాది ఇంగ్లండులో యార్క్ దగ్గర స్థిరపడి, ఒక ఆడపిల్లల బడి కోసం వ్యాకరణం రాస్తే అది కొన్ని తరాల వరకు బడుల్ని ఏలింది. తప్పొప్పుల పట్టీ పెట్టుకుని దిద్దే బడిపంతులు అనే మనిషి ఈ రోజుల్లో పుట్టాడు. మా మాస్టారికి తాతముత్తాత అతనే.

'డిఫరెంట్' సంగతి ఇంకా తమాషా. వేరుపడటం అనే లాటిన్ అర్థాన్ని బట్టి 'ఫ్రమ్' ఒక్కటే ఒప్పన్నారు. కానీ ఇంగ్లండులో 'డిఫరెంట్ టు' 16వ శతాబ్దం నుంచే ఉంది. 'డిఫరెంట్ దాన్' 17వ శతాబ్దానిది, ఇప్పుడు అమెరికాలో బాగా వినబడుతుంది. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో, ఫ్రమ్ తప్ప ఇంకోటి రాకూడదనడం మూఢనమ్మకమని తేల్చాడు. మా క్వార్టర్లీ పరీక్ష ఆ పుస్తకానికి చాలా ఏళ్ళ తర్వాతది. అప్పటికీ మాకు 'డిఫరెంట్ టు' రాస్తే కోతే. ఇంగ్లండులో మూఢనమ్మకం అయిపోయినది మన దగ్గర శాస్త్రంగా నిలబడింది.

'సుపీరియర్ టు' కూడా లాటిన్ సరుకే. సుపీరియర్, ఇన్ఫీరియర్, సీనియర్, జూనియర్, ప్రయర్ లాటిన్లో ముందే 'కంటే ఎక్కువ, కంటే తక్కువ' అనే అర్థాన్ని పొట్టలో పెట్టుకున్న మాటలు. ఇంగ్లీషులోకి వచ్చాక వాటి పక్కన 'దాన్' రాలేదు, 'టు' వచ్చింది. ఫ్రెంచివాళ్ళు కూడా సుపీరియర్ పక్కన 'కి' అనే అర్థమున్న తమ చిన్నమాటనే పెడతారు. తెలుగువాడికి పోలిక అనగానే 'కంటే' తగులుతుంది గనక, వందమంది పిల్లలకి చెప్పినా మళ్ళీ దాన్ దగ్గరికే వచ్చేవాళ్ళు. నా సర్వీసులో నేను ఎక్కువసార్లు ఓడిపోయింది ఈ ఒక్క చోటే.

ఈ తగువులేవీ మన దాకా రాలేదు, తీర్పులు మాత్రమే వచ్చాయి. 1835లో మెకాలే మినిట్ తర్వాత ఇంగ్లీషు చదువు సర్కారు చదువైంది. ఆ శతాబ్దం చివర నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు వచ్చాయి. ఆయన వాయవ్య రాష్ట్రాలు, అవధ్‌లో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసినవాడు. 1930ల్లో రెన్ అండ్ మార్టిన్. ఆ రెన్, 'బో జెస్ట్' అనే సాహస నవల రాసిన పి.సి.రెన్ ఒకరే. ఎడారి కోటల్లో సైనికుల కథలు రాసిన చేత్తోనే మన పిల్లలకి ప్రిపోజిషన్లూ పంచిపెట్టాడు. ఆ పుస్తకంలో 'టు' వచ్చే విశేషణాలన్నీ ఒకచోట, 'ఆఫ్' వచ్చేవన్నీ ఒకచోట, అక్షరక్రమంలో ఉంటాయి. మా మాస్టారి పట్టీ అక్కడిదే. కిరాణా కొట్టు చిట్టాలా ఉంటుంది. ఏ మాట ఎప్పుడు ఎవరు వాడతారో, రెండు ప్రిపోజిషన్లు వచ్చేచోట అర్థం ఎలా మారుతుందో ఆ చిట్టా చెప్పదు. 'గుడ్ ఎట్' అంటే పనిలో నేర్పు, 'గుడ్ ఫర్' అంటే మేలు చేసేది, 'గుడ్ టు' అంటే ఒకరిపట్ల దయగా ఉండటం. అది తెలిస్తే పిల్లవాడు మూడింటినీ మూడు మాటలుగా నేర్చుకుంటాడు. తెలియకపోతే ఒక మాటకి మూడు తోకలనుకుని ఏదో ఒకటి తగిలిస్తాడు.

ఆ పని చేసిపెట్టిన పుస్తకం ఇంగ్లండులో పుట్టలేదు. జపానులో పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళిన ఎ.ఎస్.హార్న్‌బీ, పరాయిభాషగా ఇంగ్లీషు నేర్చేవాడికి ఏం కావాలో చూసి, తోటివాళ్ళు ఇద్దరితో కలిసి నిఘంటువు తయారుచేశాడు. 1942లో, యుద్ధం మధ్యలో, అది టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. ఇవాళ మన పిల్లల చేతుల్లో ఉన్న ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ దాని సంతానమే. మాట వెతికితే దాని పక్కన వచ్చే చిన్నమాట అక్కడే, వాక్యంతో సహా ఉంటుంది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, ఇప్పుడు అది ఇఫ్లూ. నేను మొదటిసారి ఇలాంటి నిఘంటువుని చదవడం నేర్చుకున్నది అక్కడి శిక్షణ తరగతుల్లోనే. 'యాంగ్రీ' దగ్గర విత్, ఎట్, అబౌట్ మూడూ ఉన్నాయని, మనిషికీ విషయానికీ తేడా చూపించారని అప్పుడే చూశాను. ఆ రాత్రి హాస్టల్ గదిలో మా మిత్రుడు గుర్తొచ్చాడు. 1987లో బర్మింగ్‌హామ్ నుంచి కొబిల్డ్ వచ్చింది. జనం నిజంగా రాసిన, మాట్లాడిన వాక్యాల్ని కంప్యూటర్లో కుప్పపోసి వాటినుంచి తయారుచేసిన నిఘంటువది. జాన్సన్ ఏమనాలో చెప్పాడు, వీళ్ళు ఏమంటున్నారో చెప్పారు.

కుర్చీల ఆట ఇంకా ఆగలేదు. మేం చదివేటప్పుడు 'బోర్డ్ విత్' ఒక్కటే. ఇప్పుడు ఇంగ్లండు కుర్రాళ్ళు 'బోర్డ్ ఆఫ్' అంటున్నారు. పెద్దలు విసుక్కుంటున్నారు. పెద్దలే ఓడిపోతారని నా అంచనా.

ఇదంతా సంక్రాంతి తర్వాత మా మిత్రుడికి ఫోన్లో విడతలు విడతలుగా చెప్పాను. ఓపికగా విన్నాడు. "అయితే నేను రాసింది తెలుగన్నమాట" అన్నాడు. అవునన్నాను. "తెలుగు పేపర్లో వేసుంటే మార్కులొచ్చేవి" అని నవ్వాడు. ఇంటర్వ్యూ మాట నేనెత్తలేదు, వాడూ ఎత్తలేదు.

మొన్న వాడే ఫోన్ చేశాడు. వాడి మనవరాలు మన బళ్ళోనే ఎనిమిదో తరగతి, ఇప్పుడది ఇంగ్లీషు మీడియం. పాప 'సీనియర్ దాన్ మీ' అని రాసుకొచ్చిందట.

"నేనేం చెప్పానో తెలుసా?" అన్నాడు. "ఆఫీసుల్లో, కాలేజీల్లో అందరం ఏమంటాం? 'ఆయన నాకు సీనియర్' అంటాం. నాకు జూనియర్ అంటాం. ఆ 'కు' ఉంది చూశావూ, అదే టు. కంటే జోలికి పోకు, కు పట్టుకో అన్నాను. పాపకి టక్కున పట్టుబడింది. కరెక్టేనా?"

కరెక్టే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ కిటుకు నాకు తట్టలేదు.